పాటిమన్నులో పంట చరిత్ర

"పత్తి చేలో చరిత్రేముంటుంది?" గుంటూరు, ప్రకాశం రేగడి నేలల్లో చమురు, గ్యాస్ గొట్టం వేయడానికి కొలతలు మొదలైతే వినిపించే మాట ఇది. అమరావతి, చందవరం స్తూపాలే చరిత్ర, తక్కినదంతా ఉత్త మన్ను అనే నమ్మకం ఇది. ఈ నమ్మకం తప్పు. రైతు పూర్వీకులకు చరిత్రే లేదనడం ఇది.

ఊరి పక్కన పాటిదిబ్బను చూడండి. ఒకప్పుడు జనం కాపురమున్న చోటది. పాటిమన్ను చేనికి బలమని పెద్దలు బండ్లకెత్తి తోలారు. ఆ బలం తరాల బూడిదది, పెంటది. ఆ బూడిదలోనే మాడిన గింజలుంటాయి. మాడిన గింజ కుళ్లదు. మట్టిని నీళ్లలో కలిపితే పైకి తేలుతుంది.

కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం లాంటి చోట్ల మట్టిని ఇలాగే పరీక్షించారు. డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు 2004లో ప్రచురించిన పరిశోధన దక్షిణాది తొలి రైతుల పంటలేవో తేల్చింది: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఇవి సుమారు 4,000 ఏళ్ల నాటి సేద్యానికి ఆనవాళ్లు. మనం అనాదిగా మనదనుకునే మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల వెంట వచ్చి సుమారు 500 ఏళ్లే అయింది. అంతకుముందు ఈ నేల ఏం పండించిందో చెప్పగలిగేది ఆ మాడిన గింజే.

నాగార్జునసాగర్ నీటిలో మునగబోయే లోయను 1954-60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వింది. అది గొప్ప కృషి. ఇక్ష్వాకుల కట్టడాలు కొన్ని కొండ మీదికి తరలి బతికాయి. నవీన శిలాయుగపు నివాసాలూ అక్కడ బయటపడ్డాయి. కానీ మట్టిని నీళ్లలో తేల్చి గింజలేరే పద్ధతి ప్రపంచంలో వాడుకలోకి వచ్చేసరికి ఆ లోయ నీటి పాలైంది.

ఇప్పుడు పద్ధతి ఉంది, దాన్ని వాడమని అడిగే చట్టమే లేదు. 1962 పైపులైను చట్టం భూమి విలువలో 10 శాతం, పంట నష్టం లెక్కగడుతుంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ అభయారణ్యాల వంటి చోట్ల సాగే చమురు, గ్యాస్ గొట్టాలకే వర్తిస్తుంది. 1878 నిధుల చట్టం 10 రూపాయల విలువ దాటిన నిధినే చెప్పమంటుంది. మాడిన ఉలవకు సంతలో వెల లేదు కనుక చట్టానికి అది కనబడదు.

రేగడి నెరలిచ్చి తిరగబడుతుంది, ఏదీ మిగలదంటారు. చేలో పైమట్టి సంగతి అది. పాటిదిబ్బల కింద పొయ్యిలూ పాతర్లూ అలా చెదరవు. పని ఆలస్యమవుతుందంటారు. బ్రిటన్‌లో మిల్ఫర్డ్ హేవెన్ గ్యాస్ గొట్టం దారిలో పురావస్తు తవ్వకాలు జరిగాయి, గొట్టమూ పడింది.

గొట్టం వద్దనడం లేదు. కందకానికి ముందు పాటిదిబ్బల పటం గీయండి. దారిలో పడిన చోట మట్టిని జల్లించి, నీళ్లలో తేల్చి చూడండి. పొక్లెయిను ఒక్కసారి కలిపేసిన పొరను ఏ పరిహారమూ మళ్లీ పేర్చలేదు.