ఒక్క అణువుకు ఇరవై రెండేళ్లు

"ఏళ్ల తరబడి ఒకే పదార్థాన్ని పట్టుకు కూర్చుంటే ఏమిటి లాభం?" అని శాస్త్రజ్ఞులను అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది. మాక్స్ పెరుట్జ్ జీవితం తెలిసినవారు మాత్రం దాన్ని అంత తొందరగా అడగరనుకుంటాను.

1914లో వియన్నాలో పుట్టిన పెరుట్జ్ 1936లో చదువుకోసం ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లాడు. మరుసటి ఏడాది గుర్రపు రక్తంలోని హీమోగ్లోబిన్ మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును ఒళ్లంతటికీ మోసుకుపోయే మాంసకృత్తి ఇదే. ఒక్కొక్క అణువులో దాదాపు పదివేల పరమాణువులుంటాయి. దాని స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలను పంపితే ఫిల్ము మీద చుక్కలు పడేవి. ఆ చుక్కల నుండి ఇంత పెద్ద అణువు రూపాన్ని రాబట్టే దారి అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంతలో యుద్ధం వచ్చింది. 1940లో ఆయనను శత్రుదేశస్థుడని నిర్బంధించి కెనడాకు పంపారు. హిట్లరు బారి నుండి తల్లిదండ్రులు పారిపోయి వచ్చిన మనిషిని! తిరిగివచ్చి మళ్లీ అదే పనిలో కూర్చున్నాడు. 1953లో దారి దొరికింది. అణువుకు పాదరసం పరమాణువులను తగిలించి, చుక్కలలో వచ్చిన మార్పును బట్టి లెక్క కట్టాడు. 1959లో రూపం కనిపించింది. అవి ఒకదానిలో ఒకటి ఒదిగిన నాలుగు గొలుసులు.

పుస్తకాలు 1959ని చెప్పి ఊరుకుంటాయి. దారి తెలియని ఆ మొదటి పదహారేళ్లే ముఖ్యమని నాకు తోస్తుంది.

1962లో నోబెల్ బహుమతి వచ్చినా ఆయన పని ఆపలేదు. ఒక గొలుసులోని ఇనుము ప్రాణవాయువును అందుకోగానే ఆ కదలిక పక్క గొలుసులకు పాకుతుందనీ, అప్పుడవి మరింత సులువుగా అందుకుంటాయనీ 1970లో వివరించాడు. విడివిడి గొలుసులకు ఈ నేర్పు లేదు.

ఇక లాభం సంగతి. ఒడిశాలో, విదర్భలో, నీలగిరులలో గిరిజన కుటుంబాలను పీడించే కొడవలి కణ వ్యాధి గురించి మీరు వినే ఉంటారు. హీమోగ్లోబిన్ గొలుసులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడమే దానికి మూలమని కనుగొన్నది పెరుట్జ్ ప్రయోగశాలలోని వెర్నన్ ఇంగ్రామ్. మారిన అణువులు ప్రాణవాయువును వదలగానే ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి దారాలవుతాయి. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. కారణం తెలిసినంత మాత్రాన మందు రాలేదు, నిజమే. జన్యువులలో మార్పు చేసే చికిత్సకు బ్రిటన్, అమెరికా 2023లో అనుమతి ఇచ్చాయి. దాని ఖరీదు మాత్రం ఆ గిరిజన కుటుంబాలకు అందేది కాదు.