బెంగకి ఇంగ్లీషులో పెట్టె లేదు

"మనవాళ్ళకి మానసిక వైద్యమంటే చిన్నచూపు. పిచ్చి ముద్ర పడుతుందని భయం. అందుకే థెరపిస్టుల దగ్గరికి వెళ్ళరు." మన తెలుగు సంఘాలు ఆరోగ్య సదస్సు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు, మనం తలలూపుతాం. ఇందులో నిజం లేకపోలేదు. కానీ అది సగమే. భయాన్ని పక్కనబెట్టి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రెండుసార్లు వెళ్ళి మానేశారు. ఎందుకు మానేశారని ఏ సదస్సులోనూ ఎవరూ అడగరు.

నా సంగతి చెబుతాను. 2021 మే నెలలో మా నాన్నగారు కోవిడ్‌తో పోయారు. ఆ నెల 4వ తేదీ నుంచే ఇండియా నుంచి వచ్చే వీసాదారుల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. నవంబరులో గానీ ఎత్తెయ్యలేదు. హెచ్‌వన్ మీద ఉన్న నేను వెళితే ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు. దహనం ఫోనులో చూశాను. తరవాత నెలల తరబడి నిద్ర లేదు. తెల్లవారుజామున నాన్న పేరు పెట్టి పిలిచినట్టుండేది. ఆ పిలుపుకి నాకు భయం వెయ్యలేదు, కాస్త ఊరటగానే ఉండేది.

ఇదంతా థెరపిస్టుకి చెప్పాను. "వెళ్ళకూడదన్నది మీ నిర్ణయమే కదా" అన్నారావిడ. వీసా గొడవ వివరిస్తుంటే గడియారం చూశారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మన వైద్యుల నోట్సు ఆన్‌లైన్లో ఉచితంగా చూసుకునే హక్కు ఈ దేశంలో అమల్లోకి వచ్చింది గనక తెరిచి చూశాను. "స్వరాలు వినిపిస్తున్నాయి" అని రాసి ఉంది. అందులో నాన్న లేడు, చావు లేదు, ఫోనులో చూసిన చితి లేదు. ఉన్నవి స్వరాలు మాత్రమే.

సంస్కృతుల మధ్య దూరం వల్ల ఇలా జరుగుతుందని సర్దిచెబుతారు కొందరు. నేనొప్పుకోను. 1971లో డెవి రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు దగ్గరున్నట్టో, కనిపించినట్టో, మాట్లాడినట్టో అనిపించిందన్నారు. వాళ్ళెవరూ గుంటూరు వాళ్ళు కారు. పోయిన మనిషి గొంతు వినిపించడాన్ని దుఃఖంలో సహజంగానే చూడాలని అమెరికన్ సైకియాట్రీ వాళ్ళ డిఎస్ఎం నాలుగో కూర్పు 1994లోనే గుర్తించింది. మన ఆచారాలు ఆవిడకి తెలియకపోతే మానె, తన పుస్తకం తను చదువుకోవద్దా?

2013లో వచ్చిన అయిదో కూర్పులో, రోగి తన బాధను తన వాళ్ళకి ఏ మాటల్లో చెప్పుకుంటాడో తెలుసుకోవడం మొదలుకొని 16 ప్రశ్నలిచ్చారు. నన్ను ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే "బెంగ" అని చెప్పేవాణ్ణి. బెంగ అంటే యాంగ్జైటీ కాదు, డిప్రెషనూ కాదు. బెంగకి అవతల ఒక మనిషి ఉంటాడు. తొమ్మిది ప్రశ్నల కాగితం మీద టిక్కులు పెట్టించుకుంటే ఆ మనిషి కనబడడు.

"అయితే తెలుగు థెరపిస్టుని చూసుకో" అన్నాడొక మిత్రుడు. అదీ చూశాను. మొదటి పది నిమిషాల్లో మాది ఏ ఊరో, ఇంటిపేరేమిటో, ఇక్కడ ఎవరి తాలూకో ఆరా తీశారాయన. అవి ఎందుకడుగుతారో మనందరికీ తెలుసు. ఆయన ముందు గుండె విప్పాలనిపిస్తుందా? భాష ఒక్కటైనంత మాత్రాన వినడం వచ్చెయ్యదు.

థెరపిస్టుల దగ్గరికి వెళ్ళొద్దని నేననడం లేదు. అవసరమైనవాళ్ళు వెళ్ళి తీరాలి. ఒకరు వినకపోతే ఇంకొకర్ని వెతుక్కోవాలి. రాసింది తప్పయితే దిద్దమని లిఖితపూర్వకంగా అడగొచ్చు. చట్టప్రకారం 60 రోజుల్లో, మహా అయితే ఇంకో 30 రోజుల గడువు తీసుకుని, జవాబివ్వాలి. దిద్దం అంటే మన అసమ్మతిని కూడా ఆ ఫైలుకి జతచెయ్యాలి. నేను చేయించాను. మా నాన్న పేరు ఇప్పుడా ఫైల్లో ఉంది.

సంఘాల పెద్దలకి ఒక్క మనవి. వచ్చే సదస్సులో మమ్మల్ని కూర్చోబెట్టి సిగ్గుపడొద్దని పాఠం చెప్పే బదులు, థెరపిస్టుల్ని కింద కుర్చీల్లో కూర్చోబెట్టండి. వెళ్ళి మానేసినవాళ్ళకి మైకివ్వండి. బాధపడేవాడు నోరు విప్పడంలేదని నిందించే ముందు, విప్పిన రోజున అవతలివాళ్ళు ఏం విన్నారో అడుగుదాం.