ట్రాక్ లేని పాట



కరోకే అంటే జపాన్ భాషలో ‘ఖాళీ ఆర్కెస్ట్రా’ అని అర్థం. వాయిద్యాలన్నీ మోగుతుంటాయి, పాడే గొంతు మాత్రం ఉండదు. ఆ ఖాళీలోకి ఎవరైనా వెళ్లి నిలబడొచ్చు అంటారు. ఆ ‘ఎవరైనా’ గురించే ఈ వారం నా గోడు.

మా చిన్నాయన కొడుకు హైదరాబాద్‌లో ఆరేళ్లుగా బార్లలో కరోకే నైట్లు నడుపుతున్నాడు. ఒక లాప్‌టాప్, చిన్న మిక్సర్, రెండు కార్డ్‌లెస్ మైకులు, పాటల పేర్లు రాసే చీటీల కట్ట. వాడి ఆస్తి అంతే. మా చిన్నాయన డప్పు కళాకారుడు. మా ఊళ్లో పెండ్లికైనా చావుకైనా ఆయన లేకుండా జరిగేది కాదు. అన్నం మాత్రం ఆయనకు పందిరి బయటే. ఆయన కొడుకు ఇప్పుడు పందిరి లోపల మైకు పట్టుకున్నాడని నాకు గర్వంగా ఉండేది.

వాడితో కలిసి మూడు చోట్లకు పోయాను.

మొదటిది మాదాపూర్‌లో ఒక పబ్బు. శుక్రవారం రాత్రి, ఐటీ పిల్లలు. టీమ్ లీడ్ ముందు పాడతాడు, శృతి తప్పినా టేబులంతా చప్పట్లు. బాగా పాడిన వాళ్ల వెంటనే సిగ్గరిని పిలవడు మావాడు. మధ్యలో అందరూ గొంతు కలిపే పాట ఒకటి వేస్తాడు. మగ గొంతు పాట కావాలని అమ్మాయి అడిగితే ట్రాక్ శృతి మారుస్తాడు. ‘నాటు నాటు’కు కుర్చీల్లో ఎవరూ మిగలరు.

రెండోది దిల్‌సుఖ్‌నగర్ వైపు పాత బార్ అండ్ రెస్టారెంట్. దుకాణదారులు, రిటైరైన ఉద్యోగులు, ఆటో అన్నలు. ఘంటసాల, బాలు, అన్నీ విషాద గీతాలే. ఇక్కడ కష్టం వేరు. పాడినాయన మైకు వదలడు. మావాడు చివరి చరణానికి పోయి పక్కన నిలబడతాడు, భుజం మీద చెయ్యేస్తాడు, పాట అయిపోగానే మెల్లగా మైకు తీసుకుంటాడు. “మైకు ఇచ్చుడు ఎవ్వడైనా ఇస్తడన్నా, కోపం రాకుండ తీసుకునుడే పని” అన్నాడు.

మూడోది మా జిల్లాలో ఒక చిన్న టౌను బారు. ఆదివారం. మేస్త్రీలు, హమాలీలు, మున్సిపాలిటీ కార్మికులు. వాళ్లడిగిన పాటల్లో సగం లాప్‌టాప్‌లో లేవు. “ట్రాక్ లేదన్నా” అని మావాడు చెప్తుంటే ఒక మేస్త్రీ లేచి, “నీ ట్రాక్ ఎవనిక్కావాలె” అని మొదలుపెట్టాడు. పక్కనున్నోళ్లు టేబుల్ మీద దరువేశారు. నాలుగు టేబుళ్లు వంత పాడాయి. మావాడు లాప్‌టాప్ మూసేశాడు.

ఇక అసలు సంగతి. ఇంకో శుక్రవారం అదే మాదాపూర్ పబ్బులో, మూసే వేళకు, గ్లాసులు తీసే పిల్లవాడు ఒక చీటీ ఇచ్చాడు. “స్టాఫ్‌కు లేదు, కస్టమర్లకే” అన్నాడు మేనేజరు. మావాడు వాణ్ని చివర్లో పిలిచాడు. ట్రాక్ లేదు. వాడు వాళ్లమ్మ నాట్లేస్తూ పాడే పాట పాడాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఒక టేబుల్ నుంచి “ఇది పబ్బా, ధర్నా చౌకా?” అని వినబడింది. ఆస్కార్ గెలిచిన నాటు ఆ హాలుకు సరిపోతుంది, అమ్మ పాడే నాటు సరిపోదు. మరుసటి వారం నుంచి ఆ పబ్బు మావాణ్ని పిలవలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి నేనూ ఒక చీటీ రాశాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, క్లాసులో వాడ పాటల గురించి గంటలు గంటలు చెప్పేవాణ్ని. చీటీ మీద రాసింది మాత్రం పాత సినిమా పాట. చుట్టూ ఉన్నవాళ్లను చూసి రాశాను. గ్లాసులు తీసే పిల్లవాడు ఎవరినీ చూడలేదు.

సంగీతానికి కులం లేదంటారు. ట్రాక్ ఎట్లా తయారవుతుందో చూడండి. స్టూడియోకు ఎక్కిన పాటకు, మళ్లీ కొనేవాళ్లు ఉన్న పాటకు, ఎవరో డబ్బు పెట్టి సంగీతం మళ్లీ వాయించి ట్రాక్ చేస్తారు. 1979లో ‘మాభూమి’ సినిమాలో గద్దర్ పాడిన పాట మావాడి లాప్‌టాప్‌లో ఉంది. సినిమాకెక్కని వందల పాటలు లేవు. ట్రాక్ లేదంటే పాట లేనట్టే చెల్లుబాటవుతోంది.

కరోకేను కనిపెట్టినవాళ్లలో ఒకరిగా చెప్పుకునే ఇనోవే దైసుకె కూడా బార్లలో వాయించుకు బతికినవాడే. 1971లో కోబె నగరంలో యంత్రం చేశాడు, పేటెంట్ తీసుకోలేదు. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పాడని 2004లో సరదాగా ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వులాటే అయినా మాట నిజం. కానీ ఓర్చుకోవాలంటే ముందు ఎదుటివాడి చీటీ పిలవాలి కదా.

నైట్లు నడిపే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి మూడు ముక్కలు. పెద్ద బాటిల్ కొన్న టేబుల్‌ను ముందుకు జరపకండి, చీటీల వరస తప్పకండి. రోజుకు ఒక్క పాటైనా ట్రాక్ లేకుండా పాడనివ్వండి. మూసే ముందు ఒక పాట స్టాఫ్‌ది కానివ్వండి.

మన పని మనమూ చేద్దాం. పోయిన నెల మా చిన్నాయన డప్పును మావాడు ఇంట్లోనే రికార్డు చేశాడు. తొమ్మిది దరువులు. డెబ్బై ఏళ్ల మనిషి మధ్యలో ఆగి, “ఇది యాడ మోగుద్దిరా?” అని అడిగాడు. “బార్లల్ల నాయినా” అన్నాడు కొడుకు. “లోపలనా?” అన్నాడాయన.

ఆ పబ్బు పోయినందుకు బాధ లేదా అని మావాణ్ని అడిగాను. “ఈఎంఐ ఉంది, బాధ ఎందుకుండదు? కానీ చీటీ వచ్చిందన్నా, పిలిచిన” అన్నాడు.

ఈసారి వాడు ఎక్కడ నడిపినా నేను రాసే చీటీలో సినిమా పాట ఉండదు. మా నాయనమ్మ పాట ఉంటుంది. వంతకు మీరు రండి.

జై భీమ్.