ఖేడ్ కాలేజీ ఊరందరిదీ కావాలి

కాలేజీ ఉన్నంత మాత్రాన ఏ పట్టణమూ కాలేజీ ఊరు కాదు. ఊరి బతుకూ కాలేజీ చదువూ ఒకదానిలో ఒకటి కలవాలి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ అనే చిన్న ఊరు, అక్కడి కాలేజీ 1833లో కలిసే పుట్టాయి. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవాలని ఆ కాలేజీ 1835లోనే తీర్మానించింది. 1858లో బానిసలను వేటాడేవాళ్లకు చిక్కిన జాన్ ప్రైస్‌ను విడిపించడానికి ఊరివాళ్లూ విద్యార్థులూ కలిసి పక్కనున్న వెల్లింగ్టన్‌కు కదిలారు. అలాంటి బంధం మన నారాయణఖేడ్‌కూ కావాలి. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. అందుకే ఇక్కడ తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. మంజీర ఒడ్డున నల్లపోచమ్మ కొలువైన బోరంచలోనూ, చుట్టుపక్కల తండాల్లోనూ ఈ చరిత్ర పెద్దల నోళ్లలోనే ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది. దాన్ని రాసి పెట్టాల్సింది ఖేడ్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలే. అధ్యాపకులు వాళ్లను ఏటా ఊళ్లకు పంపి, పెద్దల మాటలు రికార్డు చేయించాలి. సర్పంచులు పాత కాగితాలు, ఫొటోలు వెతికించి ఇవ్వాలి. కాలేజీ గ్రంథాలయం సాయంత్రాలు రైతులకూ, కూలీలకూ, గృహిణులకూ తెరిచి ఉండాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, మనసుంటే చాలు. ఖేడ్ పెద్దలు, పూర్వ విద్యార్థులు ఈ ఏడాదే ఒకచోట కూర్చుని ఈ పని మొదలుపెట్టాలి.