మూలన నిలబెట్టిన బండి



నాకొక బలహీనత ఉన్నది. దారిలో పాతకాలపు కారు, అందులోనూ శుభ్రంగా ఉంచుకున్న కారు కనబడితే నా కాళ్ళు ఆగిపోతాయి. పక్కన నా భార్య ఉంటే “బస్సు పోతుందండీ” అని చెయ్యి పట్టి లాగవలసిందే. ఇది పొరుగువాని సొత్తును ఆశించటం కాదా అని మీరడగవచ్చు. ఆ కారు నాదైతే బాగుండునని నేనెన్నడూ కోరలేదు. ఒక వస్తువును ఏళ్ళ తరబడి శ్రద్ధగా కాపాడిన మనిషి చెయ్యి అందులో కనబడుతుంది. అది చూసి సంతోషిస్తాను, అంతే.

కిందటి క్రిస్మస్‌కు ముందు ఏలూరులో ఒక వివాహానికి వెళ్ళాము. ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి గుడి ఆవరణలో వేపచెట్టు కింద మీగడ రంగు అంబాసిడర్ కారు నిలబడి ఉన్నది. చుట్టూ కొత్త కార్లు ఎన్నో ఉన్నా నా చూపు దానిమీదే నిలిచింది. నంబరు ప్లేటు మీద ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు. అడిగితే 1974 మోడలని తెలిసింది.

ఈ తరం పిల్లలకు అంబాసిడర్ సంగతి చెప్పాలి. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాతో, కలకత్తా దగ్గర ఉత్తరపారలో, హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరలో దీనిని మొదలుపెట్టారు. 2014లో తయారీ ఆగిపోయింది. మంత్రిగారికీ అదే కారు, కలెక్టరుగారికీ అదే, ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్ళిన టాక్సీ కూడా అదే. దానికి తోడు బొంబాయిలో తయారైన ఫియట్, తరువాత ప్రీమియర్ పద్మిని అని పేరు పొందినది. ముంబయి వీధుల్లో పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని ‘వింటేజ్’ బండిగా నమోదు చేసుకునే వీలు కల్పిస్తూ 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు కూడా తెచ్చింది.

పైమెరుపు చూసి మోసపోకూడదు. పెయింటరు తలచుకుంటే వారం రోజుల్లో ఏ బండికైనా మెరుపు తెస్తాడు. బాగా ఉంచిన బండిని కనిపెట్టాలంటే తలుపు వేసి వినాలి. డబ్బా మోగినట్లు కాకుండా ఒకే గట్టి చప్పుడుతో పడాలి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు చూడాలి. లోపల మ్యాటు ఎత్తి, కాళ్ళు పెట్టే చోట రేకు తుప్పు పట్టిందేమో చూడాలి. వెనుక పొగ చూడాలి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండిపోతున్నదని అర్థం, నల్లని పొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నదని అర్థం. ఈ బండి అన్నింటిలోనూ నెగ్గింది.

నేను చుట్టూ తిరగటం చూసి యజమాని నవ్వుతూ వచ్చారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, విశ్వాసి. కారు వారి నాన్నగారిదట. “దీన్ని ఇంత బాగా ఎలా దాచారండీ?” అని అడిగాను.

“దాచలేదు బ్రదర్, దాచితే ఎప్పుడో పోయేది” అన్నారాయన. “వారానికొకసారి పది కిలోమీటర్లయినా తిప్పుతాను. తిరిగే బండి కంటే నిలబెట్టిన బండే ముందు పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. కార్బురేటరులో పెట్రోలు ఎండి జిగురుగా పట్టేస్తుంది. బ్రేకులు పట్టేస్తాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పైన మంచి కవరు కప్పాం కదా అనుకుంటాం, ఆ కవరు కిందే చెమ్మ చేరి రేకును తినేస్తుంది.”

మా నాన్న ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరుగా పనిచేశారనీ, ఎక్కువకాలం ఇటువంటి బండే నడిపారనీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. “అయితే ఒకసారి తీసుకురండి, చూసి సంతోషిస్తారు” అన్నారు.

“ఆయనకు 84 ఏళ్ళండీ, ఎక్కడికీ కదలరు” అన్నాను.

“ఆయన కదలరా, మీరు కదిలించరా?” అన్నారాయన. నవ్వుతూనే అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆ మాట నన్ను వదలలేదు. మా నాన్నకు మేమేమీ తక్కువ చేయలేదు. వేళకు భోజనం, వేళకు మందులు, ఉతికిన బట్టలు, వెనుక గదిలో మంచి మంచం. ఎవరైనా చూస్తే “బాగా చూసుకుంటున్నారు” అనే అంటారు. కానీ ఆయనను సలహా అడిగి ఎన్నేళ్ళయింది? మా అమ్మాయి చదువు విషయం నిర్ణయించినప్పుడు అడగలేదు. ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు అడగలేదు. సాయంకాలం కుటుంబ ప్రార్థనలో కూడా “నాన్నకు సరిగా వినబడదులే” అని నేనే ప్రార్థించి ముగించేవాణ్ణి. ఒకప్పుడు మాకు ప్రార్థించటం నేర్పినవాడు ఆయనే. ఎవరి కారునో రోడ్డు మీద పావుగంట నిలబడి చూసిన నేను, మా నాన్న మంచం పక్కన పావుగంట కూర్చుని ఎన్ని నెలలయిందో లెక్క చెప్పలేకపోయాను. మేము ఆయనకు మంచి కవరు కప్పాము.

జనవరిలో ఒక శనివారం ఆయనను ఏలూరు తీసుకువెళ్ళాను. “ఈ వయసులో ఎందుకురా” అన్నారు గాని, తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకుని సిద్ధంగా కూర్చున్నారు. అక్కడ బ్రదర్‌గారు ఆయనను డ్రైవరు సీట్లోనే కూర్చోబెట్టారు. స్టీరింగు పక్కనున్న గేరు కర్రను నాన్న చెయ్యి చూడకుండానే పట్టుకుంది. ఇంజను స్టార్టు చేయగానే తల ఒక పక్కకు వంచి విన్నారు. మా మాటలు వినబడని ఆ చెవులే.

“టాపెట్లు కొంచెం వదులయ్యాయి బాబూ. మెకానిక్‌కు చూపించు” అన్నారు.

వారం తరువాత బ్రదర్‌గారు ఫోను చేసి, మెకానిక్ కూడా అదే చెప్పాడని తెలిపారు. ఆ మాట చెబితే నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి ప్రార్థనకు “నాన్నా, మీరు చేయండి” అన్నాను. చాలాసేపు చేశారు. మా పిల్లల పేర్లు, వాళ్ళ పరీక్షలు, నేను ఎవరికీ చెప్పని నా అప్పు సంగతి కూడా ఆయన ప్రభువు ఎదుట పెట్టారు. వెనుక గదిలో ఉండి ఆయన అన్నీ గమనిస్తూనే ఉన్నారు. నేను కళ్ళు తెరవలేకపోయాను.

ప్రియులారా, కాలేబు 85 ఏళ్ళ వయస్సులో విశ్రాంతి గది అడగలేదు, కొండసీమను అడిగాడు. యెహోషువ గ్రంథం 14వ అధ్యాయం చదవండి. బాలుడైన యేసును గుర్తుపట్టి పదిమందికి చెప్పిన అన్న అనే ప్రవక్త్రి వృద్ధురాలైన విధవరాలు. లూకా 2వ అధ్యాయంలో ఉన్నది. ముసలితనంలో తనను త్రోసివేయవద్దని 71వ కీర్తనకారుడు దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ మొర ఈనాడు మన ఇళ్ళలోని వెనుక గదుల నుండి కూడా లేస్తున్నది. దేవుడు వింటున్నాడు, మనకే వినబడటం లేదు.

తల్లిదండ్రులను సన్మానించటమంటే అన్నం, మందులు ఇవ్వటంతో తీరిపోయేది కాదు. వారి మాటకు ఇంట్లో ఇంకా చోటు ఉండాలి. వారి చేతికి చేయగలిగిన పని ఉండాలి. సంఘంలో కూడా అంతే. ఒకనాడు సండేస్కూలు నడిపిన అమ్మగారిని ఇప్పుడు వెనుక బల్ల మీద కూర్చోబెట్టి వందనం చెప్పి వెళ్ళిపోతున్నాము.

ఈ నెలలో ఒక పని చేయండి. మీ ఇంట్లోని పెద్దవారిని ఒక నిజమైన విషయంలో సలహా అడగండి. ఒకరోజు కుటుంబ ప్రార్థన వారిచేత చేయించండి. శక్తి ఉంటే వారు ఒకప్పుడు పనిచేసిన చోటికి ఒక్కసారి తీసుకువెళ్ళండి. వారి చెవులు, కళ్ళు మీరనుకున్నంత పాడవలేదని మీకే తెలుస్తుంది.

దారిలో పాత కారు కనబడితే నేనిప్పటికీ ఆగుతాను. కాని ఇంటికి వచ్చాక నాన్న పక్కన కూర్చుని అది ఏ మోడలో, ఇంజను చప్పుడు ఎలా ఉన్నదో చెబుతున్నాను. ఆయన నా తప్పులు దిద్దుతున్నారు.

ప్రభువు మీ ఇంటి పెద్దలను, మిమ్మును దీవించును గాక.