అడవే దొడ్డి

బదిలీ ఉత్తర్వు రాగానే పెట్టె సర్దుకునే ఉపాధ్యాయులం మేము. ఈశాన్యంలో పనిచేసినప్పుడు అడవిదున్నకు దగ్గర చుట్టమైన మిథున్‌ను చూశాం. రోజుల తరబడి అడవిలోనే మేస్తుంది. యజమాని ఉప్పు పట్టుకుని పిలిస్తే వస్తుంది. రష్యాలో కొస్త్రోమా దగ్గర 1963లో మొదలైన మూస్ క్షేత్రంలోనూ అంతే. ఆ భారీ దుప్పులు ఉత్తరపు అడవిలో ఆకులు, లేత కొమ్మలు మేసి, పాలివ్వడానికి తిరిగి వస్తాయి. వాటి కోసం అడవి నరికి గడ్డి పెంచక్కర్లేదు.

అలాగని ప్రతి వన్యమృగాన్నీ కంచెలో బంధిస్తే లాభమనుకోకూడదు. ఉత్తర అమెరికాలో పెంపకపు జింకల మందల్లో మెదడును క్షీణింపజేసే ప్రాణాంతక వ్యాధి బయటపడింది. కిక్కిరిసిన చోట రోగం తొందరగా పాకుతుంది.

విద్యార్థులారా, మా అభిప్రాయం ఒక్కటే: అడవిని నిలిపి పశువును పెంచితే అది పెంపకం. అడవిని తీసేసి పెంచితే అది చెరసాల.