ఆక్సిజన్ ఎక్కువైతే మంచిదేనా?

వార్డులో ఎన్నో ఏళ్లుగా చూస్తున్న సంగతి ఇది. సిస్టర్ అటు తిరగ్గానే రోగి బంధువులు ఆక్సిజన్ మరను ఇంకొంచెం తిప్పుతారు. “ఎక్కువ పెడితే నాన్నకు త్వరగా తగ్గుతుంది కదమ్మా” అంటారు. ప్రేమకొద్దీ చేసే పనే. కాని ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయనకు ఆ ఎక్కువే ప్రమాదం కావచ్చు.

ఈమధ్య మన సంఘంలోని ఒక అబ్బాయి అండమాన్ వెళ్తూ ఇదే ప్రశ్న వేరే విధంగా అడిగాడు. అక్కడ సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తాడట. “ఆంటీ, ఆక్సిజన్ ఎక్కువుండే సిలిండర్ కూడా ఉంటుందట. డబ్బు ఎక్కువైనా అదే సేఫ్ కదా?” అన్నాడు. నీకు వద్దు బాబూ అన్నాను.

డైవర్ వీపు మీద ఉన్నదాన్ని అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు గాని, మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. ఆక్సిజన్ సుమారు 21 శాతం, మిగిలినది దాదాపు అంతా నత్రజని. ఆ అబ్బాయి చెప్పినది నైట్రాక్స్. అందులో ఆక్సిజన్ సాధారణంగా 32 లేక 36 శాతం ఉంటుంది. నత్రజని తగ్గుతుంది కాబట్టి రక్తంలో అది తక్కువగా కరుగుతుంది, నీటి అడుగున ఇంకొంత సేపు ఉండవచ్చు. శిక్షణ పొంది రోజుకు రెండు మూడుసార్లు దిగేవారికి ఇది నిజంగా ఉపయోగమే.

అయితే లోతుకు వెళ్లేకొద్దీ లెక్క మారిపోతుంది. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 40 మీటర్ల దగ్గర పీడనం ఒడ్డు మీదకంటే 5 రెట్లు. అక్కడ 36 శాతం మిశ్రమం పీలిస్తే, నేల మీద పూర్తి ఆక్సిజన్ పీల్చినదానికి దాదాపు రెండింతల ప్రభావం. ఆక్సిజన్ ఇలా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయని ఫ్రాన్సు శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే రాశాడు. ముందుగా ఏ సూచనా లేకుండా కూడా రావచ్చు. వార్డులో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెడతాం. నీటి అడుగున నోట్లోని గొట్టం జారిపోతే చేసేదేముంది? అందుకే 32 శాతంతో సుమారు 33 మీటర్లు, 36 శాతంతో సుమారు 28 మీటర్లు దాటకూడదని నేర్పుతారు. మామూలు గాలితోనూ 30 మీటర్ల తర్వాత నత్రజని మత్తు మొదలవుతుంది. ఇంకా లోతుకు వెళ్లే నిపుణులు హీలియం కలిపిన మిశ్రమం వాడతారు. మన పిల్లలకు ఆ గొడవ అక్కరలేదు.

మొదటిసారి దిగేవారిని ఎలాగూ 12 మీటర్లు దాటనివ్వరు. అంత లోతుకు మామూలు గాలి చాలు. నైట్రాక్స్‌ను “సేఫ్ గ్యాస్” అని చెప్పి అమ్మడం నా దృష్టిలో తప్పు. మందు ఇచ్చేముందు చీటీ మూడుసార్లు చదవాలని మాకు నేర్పారు. నైట్రాక్స్ వాడేవారు కూడా మీటరు పెట్టి సిలిండర్‌లో ఎంత శాతం ఉందో తామే చూసుకోవాలి. దుకాణంవారి మాట చాలదు. ఆస్తమా, చెవిపోటు ఉంటే ఫారంలో దాచవద్దు.

చివరికి ఆ అబ్బాయిని టికెట్ చూపించమన్నాను. డైవింగ్ చేసిన సాయంత్రమే తిరుగు విమానం! రక్తంలో మిగిలిన నత్రజని పైకి వెళ్లాక సోడా బుడగల్లా పొంగితే కీళ్లనొప్పులు, ఒక్కోసారి పక్షవాతం కూడా వస్తాయి. ఏ సిలిండర్ వాడినా కనీసం 18 గంటలు ఆగమన్నాను. గొణుక్కుంటూనే టికెట్ మర్నాటి సాయంత్రానికి మార్చుకున్నాడు.